నూట పన్నెండో పేజీ

మెట్రోలో అన్నిటికన్నా లోతు మా స్టేషనే.
కదిలే మెట్ల మీద పైనుంచి కిందకి
రెండు నిమిషాల యాభై సెకన్లు.
అడుగున అద్దాల డబ్బా,
అందులో ఓ కుర్చీ, ఓ ఎర్ర మీట,
డ్యూటీ రిజిస్టరు, దాని కింద నా నవల.
పంతొమ్మిదేళ్ళుగా ఇదే కాపురం.

పుస్తకాలు ముర్మాన్ దగ్గర కొంటాను.
ఒకప్పుడు కొండల్లో రాళ్ళను చదివిన మనిషి;
ఇప్పుడు వంతెన పక్కన గోనె పరిచి
నవలల్ని కిలోల్లెక్కన అమ్ముతాడు.
కరెంటు లేని ఆ చలికాలాల్లో
సగం త్బిలిసి పుస్తకాలు పొయ్యిలో పెట్టే
టీ కాచుకుంది.
"కాలకుండా మిగిలినవి కదా,
కాస్త బరువెక్కువుంటాయి" అంటాడు తూస్తూ.

మొదట్లో కథ కోసమే చదివేదాన్ని.
ఎవరెవర్ని పెళ్ళాడారో తెలిస్తే మూసేసేదాన్ని.
తర్వాత ఒకటి దొరికింది, అట్ట లేదు, పేరు లేదు.
ఒక జడ్జి. తీర్పుకు ముందురోజు రాత్రి
ముద్దాయి బూట్లు తొడుక్కుని చూస్తాడు.
సరిగ్గా సరిపోతాయి.
అంతే. రచయిత ఇంకో మాట అనడు.
తీర్పేమిటో కూడా చెప్పడు.
మూడు రోజులు రొట్టె గొంతు దిగలేదు నాకు.
ఆ వారమంతా దిగేవాళ్ళ మొహాలొదిలేసి
బూట్లే చూశాను.

ఇంకొకటుంది, ఏడొందల పేజీలు,
ముర్మాన్ ఆకాశానికెత్తేశాడు.
అందులో మంచినీళ్ళడిగేవాడు కూడా ఉపన్యాసమే ఇస్తాడు.
అన్నీ నమిలి నోట్లో పెడితే ఇక నా పళ్ళెందుకు?
కుర్చీ కాలు కింద పెట్టాను.
ఇప్పుడు ఊగట్లేదు.

నిరుడు ఫిబ్రవరిలో ఈ సన్నటి పుస్తకం.
ఓ గుమాస్తా. మంచివాడు.
పిల్లలకి అక్రోటు కాయలు పగలగొట్టి పెడతాడు.
ప్రతి గురువారం కిటికీ దగ్గర కూర్చుని
ఇరుగుపొరుగు ఏమనుకుంటున్నారో
ముత్యాల్లాంటి అక్షరాలతో పైవాళ్ళకి రాస్తాడు.

మా నాన్న దస్తూరీ కూడా ముత్యాలే.
నాన్న కూడా గురువారాలు...
ఏమో, బుధవారాలేమో.
ఆరేళ్ళ పిల్లకి వారాలేం తెలుస్తాయి?
గుర్తున్నదల్లా సిరా వాసన,
"అల్లరి చెయ్యకు లామ్జీరా" అన్న మెత్తటి మాట,
ఆ తర్వాతెప్పుడో
ఎదురింటి వాలికో మామయ్య కనబడకపోవడం.

రాసినవాడి మీద పట్టరాని కోపమొచ్చింది.
ఆ గుమాస్తాని తిట్టుకోనివ్వడు. క్షమించనివ్వడు.
పక్కన కుర్చీ వేసి కూర్చోమంటాడు.

నూట పన్నెండో పేజీలో
వాడి కలం ఆగుతుంది,
ఆ ఒక్క పేరూ రాయాలా వద్దా అని.
అప్పుడే నా చెయ్యి ఎర్ర మీట నొక్కేసింది.
తలెత్తితే
మెట్ల పళ్ళలో ఇరుక్కున్న పసుప్పచ్చ మఫ్లరు,
దాని చివర ఏడేళ్ళ కుర్రాడు
మెడ పట్టుకుని దగ్గుతున్నాడు, బతికే ఉన్నాడు.
ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు, పైదాకా.

అప్రమత్తురాలైన ఉద్యోగిని అని కాగితమిచ్చారు.
మా పైఅధికారి త్సిసానా బుగ్గన ముద్దు పెట్టింది.
నేనెవరికీ చెప్పలేదు,
నా కళ్ళు అక్షరం మీదే ఉన్నాయని.
చూసింది చెయ్యి.

అప్పట్నించీ బుర్రలో ఇదే పురుగు.
నాకు తెలియకుండా నా చెయ్యి మంచి చేసిందంటే
నాన్నకి తెలియకుండా నాన్న చెయ్యి...
ఛ, ఇది తప్పించుకోవడమే.
గుమాస్తా పెళ్ళాం అచ్చం ఇలాగే అంటుంది నలభయ్యో పేజీలో.
అప్పుడు పకపకా నవ్వాను.

ముర్మాన్ ప్రతి ఆదివారం అడుగుతాడు, అయిందా అని.
బరువుంది అంటాను.
నూట పదమూడు ఇంకా తిప్పలేదు.
ఆ ప్రశంసాపత్రాన్నే మడిచి గుర్తుగా పెట్టాను.

పుస్తకం మాత్రం ఇప్పుడు రిజిస్టరు కింద లేదు,
పైనే ఉంటోంది.
ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు.